సీక్వెల్ తొలి టెస్టులు: చేతికి గుర్తున్న జంప్ కోసం 109 గంటలు

నా మొదటి గేమ్ ఒక పాడుబడ్డ అంతరిక్ష కేంద్రంలో జరుగుతుంది. ఆటగాడు మరమ్మతు మనిషి. చేతిలో దూరంగా ఉన్నదాన్ని పట్టి లాగే గ్రాపుల్ తాడు, చుట్టూ అదుపు తప్పిన డ్రోన్లు. గోడో అనే గేమ్ ఇంజిన్ మూడో వెర్షన్‌లో ఒక్కడినే చేశాను. ఇప్పుడు దాని సీక్వెల్ గోడో 4.4లో నడుస్తోంది. ఈ డైరీ గేమ్ మొత్తం గురించి కాదు. మొదటి 45 నిమిషాల బిల్డ్‌ను (ఆడించగల రూపాన్ని) బయటివాళ్ల చేతుల్లో పెట్టినప్పుడు ఏం విరిగింది, దాన్ని ఎలా కొలిచాను, ఏం మార్చాను, ఎందుకు మార్చాను అన్నంతవరకే. రెండో భాగం చేస్తున్నవాళ్లకు ఇందులో చాలా తప్పులు ఎదురవుతాయి కాబట్టి అంకెలతో సహా రాస్తున్నాను.

వాడిన సామాను: తీగ ఉన్న కంట్రోలర్, 144 హెర్ట్జ్ వరకు వెళ్లే మానిటర్, సెకనుకు 240 ఫ్రేములు తీసే ఫోన్ కెమెరా, స్క్రీన్ రికార్డింగ్‌కి ఓబీఎస్, ఏ పనికి ఎంత సమయం పట్టిందో చూపే ఇంజిన్‌లోని ప్రొఫైలర్. వీటికి తోడు ప్రతి బటన్ నొక్కుడునూ సమయంతో సహా ఫైల్లో రాసే చిన్న స్క్రిప్ట్ ఒకటి. అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది ఆ స్క్రిప్టే. నలభై వరుసలు కూడా ఉండదు.

టెస్టర్లు ఎనిమిది మంది. నలుగురు మొదటి గేమ్ చివరిదాకా ఆడినవాళ్లు, నలుగురు దాని పేరు కూడా విననివాళ్లు. ఇకపై వాళ్లను పాతవాళ్లు, కొత్తవాళ్లు అనే పిలుస్తాను.

దశ 0: టెస్టుకు సిద్ధం చేయడం

ఈ దశలో ఎక్కువ పని లేదు. చేసింది ఇది:

1. బిల్డ్‌లో డీబగ్ మెనూ తీసేశాను.
2. బటన్ లాగ్, చనిపోయిన చోటు, ఒక్కో గదిలో గడిపిన సమయం ఫైల్లోకి వెళ్లేలా పెట్టాను.
3. చెక్‌పాయింట్లు ప్రతి గది మొదట్లో ఉండేలా సర్దాను.

మొదటి నుంచి ఇప్పటిదాకా మొత్తం (ప్రతి దశ చివరా ఇలాగే): 9 గంటలు. తెరిచి ఉన్న సమస్యలు: 0, ఎందుకంటే అప్పటికి ఎవరూ ఆడలేదు.

దశ 1: మొదటి విడత, రెండు టెస్టులు పోగొట్టుకోవడం

మొదటి ఇద్దరి టెస్టులను నేనే పాడుచేశాను. పక్కన కూర్చుని, వాళ్లు ఒక తలుపు దగ్గర ఆగగానే "అటు పైన చూడండి" అనేశాను. అది అన్న క్షణంలోనే ఆ గది గురించి వాళ్ల దగ్గర్నుంచి తెలుసుకోగలిగిన విషయం పోయింది. ఆట అయ్యాక "జంప్ ఎలా ఉంది?" అని అడిగాను. అలా అడిగితే మనిషి జంప్ గురించి ఏదో ఒకటి చెప్పి తీరతాడు, నిజంగా దాన్ని పట్టించుకున్నాడో లేదో మనకు తెలియదు. ఆ ఇద్దరి మాటలను లెక్కలోంచి తీసేశాను. బటన్ లాగ్ మాత్రం ఉంచాను. లాగ్‌ను కూడా పూర్తిగా నమ్మలేను, నా సలహా తర్వాతి నొక్కుళ్లు అందులో ఉన్నాయి కదా.

మూడో మనిషి నుంచి పద్ధతి మార్చాను:

1. నేను వెనక కూర్చుంటాను, ముఖం వాళ్లకు కనబడదు.
2. ఆట మొదలయ్యాక ఒక్క మాట కూడా మాట్లాడను. పది నిమిషాలు ఒకేచోట ఇరుక్కుంటే మాత్రం తర్వాతి గదికి పంపేస్తాను, దారి చెప్పను.
3. చివర్లో మూడే ప్రశ్నలు: ఎక్కడ ఆగిపోయారు? ఏది చేయబోతే జరగలేదు? రేపు మళ్లీ ఆడితే మొదట ఏం చేస్తారు?

రెండో ప్రశ్న బంగారం. దానికి వచ్చిన జవాబుల్లోనే ఈ డైరీ సగం ఉంది.

పాతవాళ్లలో ముగ్గురు, నేను అడక్కుండానే, ఇంచుమించు ఒకే మాట అన్నారు: "జంప్ బరువెక్కింది." నాకు అర్థం కాలేదు. జంప్ వేగం, గురుత్వం, గాలిలో మలుపు, అన్ని అంకెలనూ మొదటి గేమ్ నుంచి ఉన్నవి ఉన్నట్టు తెచ్చాను. కొత్తవాళ్లలో ఒక్కరు కూడా బరువు మాట ఎత్తలేదు. మొదటి రెండు రోజులు దీన్ని పాత ఆట మీది మమకారం అనుకుని పక్కన పెట్టాను. అది తప్పు. ముగ్గురు మనుషులు వేర్వేరు రోజుల్లో ఒకే మాట అన్నారంటే, వాళ్లు చెప్పే కారణం తప్పు కావచ్చు గానీ వాళ్లకు కలిగిన అనుభూతి తప్పు కాదు.

ఇంకో వింత. మొదటి హాలులో 2.25 మీటర్ల ఎత్తున ఒక అంచు ఉంది. గ్రాపుల్ దొరికాకే దాన్ని ఎక్కాలి. ముగ్గురు టెస్టర్లు మామూలు జంప్‌తోనే ఎక్కేశారు. బరువెక్కిందన్న జంప్ అంత ఎత్తుకు ఎలా వెళ్లింది?

మొత్తం: 23 గంటలు. తెరిచి ఉన్న సమస్యలు: 31.

దశ 2: బరువు కాదు, ఆలస్యం

అంకెలు ఒకటే అయినా అనుభూతి మారిందంటే, బటన్‌కీ కదలికకీ మధ్య ఏదో మారి ఉండాలి. కొలిచిన పద్ధతి ఇది, ఎవరైనా చేయొచ్చు:

1. మానిటర్‌ను 60 హెర్ట్జ్‌లో పెట్టండి, రెండు గేములకూ అదే.
2. కంట్రోలర్ బటన్, తెర రెండూ ఒకే చిత్రంలో పడేలా ఫోన్‌ను నిలబెట్టండి. చేత్తో పట్టుకోవద్దు.
3. 240 ఫ్రేముల వేగంతో తీస్తూ జంప్ బటన్ 20 సార్లు నొక్కండి.
4. వీడియోను ఒక్కో ఫ్రేమ్ జరుపుతూ, బటన్ అడుగుకు తగిలిన ఫ్రేమ్ నుంచి తెర మీద పాదం నేల విడిచిన ఫ్రేమ్ దాకా లెక్కపెట్టండి.
5. ఇరవై లెక్కలనూ వరుసలో పెట్టి మధ్యది తీసుకోండి. సగటు వద్దు, ఒక్క తప్పుడు లెక్క దాన్ని లాగేస్తుంది.

వీడియోలో ఒక్కో ఫ్రేమ్ 4.17 మిల్లీసెకన్లు. మొదటి గేమ్‌లో 14 ఫ్రేములు, అంటే 58 మిల్లీసెకన్లు. సీక్వెల్‌లో 23 ఫ్రేములు, అంటే 96 మిల్లీసెకన్లు. ఆ ముగ్గురి చేతులు పట్టుకున్న బరువు ఈ 9 ఫ్రేములే.

ఆ తొమ్మిదీ ఎక్కడివో విడదీయడానికి నాలుగు రోజులు పట్టింది.

మొదటి దోషి నా స్టేట్ మెషీన్, అంటే పాత్ర ఏ స్థితిలో ఉందో చూసుకునే కోడ్. పాత గేమ్‌లో బటన్ చూసినచోటే జంప్ వేగం ఇచ్చేవాడిని. కొత్తదాన్ని శుభ్రంగా రాద్దామని నిలబడటం, పరిగెత్తడం, ఎగరడం అన్నిటినీ వేర్వేరు స్టేట్లు చేశాను. బటన్ నొక్కగానే "ఎగరడం" అనే స్టేట్‌కి మారుతుంది గానీ, ఆ స్టేట్ తన మొదటి పని చేసేది తర్వాతి ఫిజిక్స్ టిక్‌లో, అంటే ఇంజిన్ కదలికను లెక్కవేసే తర్వాతి అడుగులో. సెకనుకు 60 టిక్కులంటే ఒక్కోటి 16.7 మిల్లీసెకన్లు, నా వీడియోలో 4 ఫ్రేములు. స్టేట్ మారిన వెంటనే అదే టిక్‌లో దాని పని కూడా జరిగేలా మార్చాను. 23 కాస్తా 19 అయింది.

రెండో దోషి ఫిజిక్స్ ఇంటర్పొలేషన్. 4.4లో త్రీడీకి ఈ సదుపాయం రాగానే ఆన్ చేసి మరిచిపోయాను. ఇది రెండు టిక్కుల మధ్య స్థానాలను కలిపి నున్నగా చూపిస్తుంది. కానీ కలపాలంటే రెండో స్థానం ముందే తెలియాలి, కాబట్టి తెర మీద బొమ్మ ఎప్పుడూ ఒక టిక్ వెనక ఉంటుంది. ఇంకో 4 ఫ్రేములు ఇక్కడ పోతున్నాయి. ఆపేసి చూశాను. జంప్ వెంటనే తేలికైంది, కానీ 144 హెర్ట్జ్‌లో కెమెరా వణికింది. 144ని 60 సరిగ్గా భాగించదు కదా, కొన్ని టిక్కులు రెండు తెర ఫ్రేములు, కొన్ని మూడు తెర ఫ్రేములు నిలుస్తాయి. ఆ వణుకుతో పది నిమిషాలు ఆడితే నాకే తల తిరిగింది. మళ్లీ ఆన్ చేశాను.

చివరికి నిలిచిన మార్పు వేరు. టిక్కులను 60 నుంచి 120కి పెంచాను. ఇంటర్పొలేషన్ వల్ల వచ్చే ఆలస్యం సగమై 2 ఫ్రేములకు దిగింది. బటన్‌ను చూసే విరామం కూడా సగమైంది కాబట్టి ఇంకో ఫ్రేమ్ తగ్గింది. కొత్త లెక్క 16 ఫ్రేములు, 67 మిల్లీసెకన్లు. పాత 58కి ఇంకా 9 మిల్లీసెకన్ల దూరం ఉంది. దాన్ని వదిలేశాను.

దీనికి కట్టిన మూల్యం: ఒక్కో తెర ఫ్రేమ్‌లో ఫిజిక్స్‌కి పట్టే సమయం నా మెషీన్‌లో 1.1 నుంచి 2.1 మిల్లీసెకన్లకు పెరిగింది. 60 హెర్ట్జ్‌లో ఫ్రేమ్‌కి ఉన్న బడ్జెట్ 16.67. భరించగలను, కానీ డ్రోన్లు గుంపుగా వచ్చే గదుల్లో మళ్లీ కొలవాలి.

మొత్తం: 40 గంటలు. తెరిచి ఉన్న సమస్యలు: 26.

దశ 3: తనంతట తానే తగ్గిపోయిన బగ్

టిక్కులు 120 చేశాక ఆ 2.25 మీటర్ల అంచును మళ్లీ ప్రయత్నించాను. అందలేదు. యాభైసార్లు ఎగిరాను, ఒక్కసారీ అందలేదు. సమస్య తీరిపోయిందని పట్టికలో గీత కొట్టాను.

ఏమీ చేయకుండా పోయిన బగ్‌ను నమ్మకూడదని మర్నాడు అనిపించి, ఎగిరిన ప్రతిసారీ చేరిన గరిష్ఠ ఎత్తును లాగ్‌లో రాయించాను. ఒకే జంప్ వేగం 11, ఒకే గురుత్వం 27.5, కానీ మూడు బిల్డ్‌లలో మూడు ఎత్తులు వచ్చాయి:

- మొదటి గేమ్, 60 టిక్కులు: 2.11 మీటర్లు
- సీక్వెల్, 60 టిక్కులు: 2.29 మీటర్లు
- సీక్వెల్, 120 టిక్కులు: 2.246 మీటర్లు

మూడో అంకె చూడండి. అంచుకు 4 మిల్లీమీటర్లు తక్కువ. బగ్ పోలేదు, వెంట్రుకవాసిలో ఆగింది. రేపు అంచును ఒక సెంటీమీటర్ దించితే మళ్లీ లేచి కూర్చుంటుంది.

కాగితం మీద ఎత్తు 2.2 రావాలి. సూత్రాలు తెలిసినవే: గురుత్వం = 2 × ఎత్తు ÷ సమయం వర్గం, తొలి వేగం = 2 × ఎత్తు ÷ సమయం. ఎత్తు 2.2 మీటర్లు, పైకి చేరే సమయం 0.40 సెకన్లు అనుకుంటే 27.5, 11 వస్తాయి. కంప్యూటర్ మాత్రం వంపును వంపుగా గీయదు, టిక్కు టిక్కుకూ చిన్న గీతలుగా నడుస్తుంది. ఆ గీత గీసే ముందు గురుత్వం కలిపామా, తర్వాత కలిపామా అన్నదాన్నిబట్టి ఎత్తు మారుతుంది.

పాత గేమ్‌లో నా వరుస: జంప్ వేగం ఇవ్వు, వేగంలోంచి గురుత్వం తీసెయ్యి, కదిలించు. మొదటి టిక్‌లోనే వేగం కొంత తగ్గిపోతుంది. కొత్త గేమ్‌లో ఇంజిన్ ఇచ్చే నమూనా స్క్రిప్ట్‌తో మొదలుపెట్టాను. అందులో వరుస వేరు: నేల మీద లేకపోతే గురుత్వం తీసెయ్యి, తర్వాత జంప్ చూడు, తర్వాత కదిలించు. నేల మీద ఉన్నప్పుడు గురుత్వం తగలదు కాబట్టి మొదటి టిక్ పూర్తి వేగంతో పోతుంది. తేడా ప్రతిసారీ తొలి వేగం × టిక్ సమయంలో సగం. 60 టిక్కుల్లో అది 9.2 సెంటీమీటర్లు. ఒకచోట కిందికి, ఇంకోచోట పైకి. రెండూ కలిస్తే 18 సెంటీమీటర్లు. రెండు వరుసల్లో దేన్నీ తప్పనలేం. నేను ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి అంకెలు మోసుకురావడమే తప్పు.

సరిచేసిన విధానం:

1. ఆ టిక్ గురుత్వంలో సగాన్ని కదలికకు ముందు వేగంలోంచి తీసెయ్యండి.
2. పాత్రను కదిలించే ఇంజిన్ ఫంక్షన్ మూవ్ అండ్ స్లైడ్‌ను పిలవండి.
3. గాల్లోనే ఉంటే మిగతా సగం తర్వాత తీసెయ్యండి.
4. మొదటి టిక్‌లో కూడా ఇదే పాటించండి, జంప్ వేగం వీటికంటే ముందు ఇవ్వండి.

ఇలా చేస్తే 60 టిక్కులైనా 120 టిక్కులైనా ఎత్తు కాగితం మీది 2.2కే వస్తుంది.

ఇక్కడ ఒక నిర్ణయం మిగిలింది. 2.2 ఉంచాలా, పాత 2.11కి పోవాలా? కాగితం మీద నేను కోరుకున్నది 2.2. కానీ పాతవాళ్ల బొటనవేలికి తెలిసింది 2.11. వాళ్లు వందల గంటలు ఎగిరింది ఆ ఎత్తుకే. నా పట్టికలో ఉన్న అంకె వాళ్లెవరికీ తెలియదు. పాత వరుస గీసే వంపును సూత్రంలో పెట్టి చూస్తే, అది 27.5 గురుత్వంతో, 11 బదులు 10.77 తొలి వేగంతో వచ్చే వంపే. పైకి చేరే సమయం కూడా 0.39కి మారుతుంది. కొత్త విధానంలో 10.77 పెట్టాను. పాత గేమ్, కొత్త గేమ్ లాగ్‌లలోని వంపులను ఒకదాని మీద ఒకటి గీస్తే గీతలు కలిసిపోయాయి. ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే తృప్తినిచ్చిన సాయంత్రం అది.

2.25 అంచును 2.6కి లేపాను. లెవెల్ అడ్డంకులకు ఇప్పుడు నాకో నియమం ఉంది: జంప్‌తో అందేవి 1.9 లోపు, అందనివి 2.5 పైన. మధ్యలో ఏదీ ఉండదు.

మొత్తం: 51 గంటలు. తెరిచి ఉన్న సమస్యలు: 24. నాలుగు తీరాయి, 1.9 నియమానికి సరిపడని అంచులు రెండు కొత్తగా బయటపడ్డాయి.

దశ 4: పాత శక్తులు ఉంచాలా, లాక్కోవాలా

సీక్వెల్ చేసే ప్రతివాళ్లకూ ఈ ప్రశ్న తగులుతుంది. 2004లో వచ్చిన మెట్రాయిడ్ ప్రైమ్ 2లో నాయిక సేమస్ దగ్గరున్న శక్తుల్లో చాలావాటిని మొదట్లోనే శత్రువులు లాక్కుంటారు, ఆట పొడుగునా వాటిని తిరిగి సంపాదించుకోవాలి. 2023 నాటి స్టార్ వార్స్ జెడై: సర్వైవర్‌లో నాయకుడు కాల్ మొదటి గేమ్‌లో నేర్చుకున్నవాటిలో చాలా భాగంతోనే బయల్దేరతాడు. రెండు దారులకూ వాటి న్యాయం ఉంది. నా బిల్డ్ మొదటి దారి పట్టింది: ఒక పేలుడులో పనిముట్లన్నీ పోతాయి, గ్రాపుల్ ఇరవై రెండో నిమిషం దాకా రాదు.

బటన్ లాగ్ చూడగానే గుండె జారింది. గ్రాపుల్ లేని మొదటి పది నిమిషాల్లో ఒక పాత టెస్టర్ ఆ బటన్‌ను 41 సార్లు నొక్కాడు. ఇంకొకరు 36 సార్లు. కొత్తవాళ్లలో ఎక్కువ నొక్కినవాళ్ల లెక్క 5. పేలుడులో తాడు పోయిందని వాళ్లకు తెలుసు, ఆ దృశ్యం చూశారు. అయినా పైకప్పు దూలం కనబడగానే వేలు అటే పోయింది. నొక్కినప్పుడు గేమ్ ఏమీ అనలేదు, చప్పుడు లేదు, కదలిక లేదు. ఒకరు కంట్రోలర్ చెడిపోయిందనుకుని తీగ తీసి మళ్లీ పెట్టారు.

మొదట చవక మందు వేశాను. లేని పనిముట్టు బటన్ నొక్కితే పాత్ర నడుం వైపు చెయ్యి పోనిచ్చి, ఖాళీ కొక్కెం తడిమి, చిన్న లోహపు చప్పుడు వచ్చేలా పెట్టాను. ఆ బిల్డ్ మీద నొక్కుళ్లు 12కి తగ్గాయి. తీగ పీకినవాళ్లు లేరు. కానీ ఆ గదుల్లో వాళ్ల ముఖాలు వీడియోలో చూస్తే ఆనందం కనిపించలేదు, ఓర్చుకుంటున్నారంతే.

రెండో ప్రయత్నంగా అన్నీ మొదటే ఇచ్చేశాను: డబుల్ జంప్, గ్రాపుల్, అయస్కాంత బూట్లు, కట్టర్. పాతవాళ్లు చేపల్లా ఈదారు. కొత్తవాళ్లు మునిగిపోయారు. నలుగురిలో ముగ్గురు 45 నిమిషాల్లో బూట్లు ఒక్కసారి కూడా వాడలేదు. వాళ్లకు అవి ఉన్నాయనే తెలియదు, మెనూలో రాసి ఉన్నా.

ఇప్పుడు బిల్డ్‌లో ఉన్న మూడో రూపం ఇది. గ్రాపుల్ మొదటి నుంచీ ఉంటుంది. డబుల్ జంప్ మూడో గదిలో వస్తుంది. బూట్లు, కట్టర్ పూర్తిగా మళ్లీ సంపాదించాలి, వాటి తీరు కూడా కొంత మారింది కాబట్టి పాతవాళ్లకూ అవి కొత్తవే. గ్రాపుల్‌ను పాతదానిలాగే వదలకుండా దానికో కొత్త పని ఇచ్చాను. ఇప్పుడు అది మనల్ని దూలం దగ్గరికి లాగడమే కాదు, వదులైన గోడ పలకలను మన వైపు లాగుతుంది కూడా. పాతవాళ్లు అలవాటుగా దూలాన్ని పట్టబోయి పొరపాటున పలకను పట్టుకున్నారు, పలక ఊడి వచ్చింది, వెనక దారి కనబడింది. నేను కోరుకున్న మొదటి ఆశ్చర్యం ఆ చోట దొరికింది. వేలికి తెలిసిన బటనే, ఫలితం కొత్తది.

కొత్తవాళ్ల కోసం ఒక్కో పనిముట్టుకూ మూడు మెట్లు:

1. ప్రమాదం లేని గదిలో, అది తప్ప ఇంకో దారి లేకుండా ఒకసారి.
2. కింద గొయ్యి ఉన్నచోట ఒకసారి.
3. డ్రోన్ ఉండగా, ఇంకో పనిముట్టుతో కలిపి ఒకసారి.

ఈ మూడు మెట్లు పెట్టాక బూట్లను నలుగురూ వాడారు.

ఇదే దశలో వెనకటి కథ సంగతి కూడా తేల్చాను. మొదటి గేమ్‌లో జరిగింది చెప్పడానికి 95 సెకన్ల రాతపలకలు పెట్టాను. ఎనిమిది మందిలో ఆరుగురు దాటవేశారు, దాటవేయనివారిలో ఒకరు కొత్తవారు. ప్లేస్టేషన్ 3కి 2011లో వచ్చిన మాస్ ఎఫెక్ట్ 2లో, మొదటి భాగం ఆడనివాళ్ల కోసం ఆటగాడే నిర్ణయాలు తీసుకునే బొమ్మల కథ ఒకటి పెట్టారు. ఆ ఆలోచన నాకు నచ్చింది గానీ అంత బొమ్మలు గీసే శక్తి లేదు. బదులుగా మొదటి గదిలో ఒక పాడైన లాగ్ యంత్రం పెట్టాను. దాన్ని మరమ్మతు చేస్తుంటే పాత కథ నాలుగు చిన్న గొంతుల్లో వినిపిస్తుంది, చేతులు పనిలో ఉంటాయి. రాతపలకలన్నీ తీసేశాను.

మొత్తం: 70 గంటలు. తెరిచి ఉన్న సమస్యలు: 17.

దశ 5: డ్రోన్ ఎప్పుడు కొడుతుందో తెలియాలి

డ్రోన్ దాడికి ముందు సూచనగా రెక్కలు వెనక్కి లాగుతుంది. ఆ సూచన 0.30 సెకన్లు ఉండేది. నాకు సరిపోయింది, ఎందుకంటే ఆ డ్రోన్‌ను చేసింది నేనే. టెస్టర్లు ఆ గదిలో ఒక్కొక్కరు ఐదారుసార్లు చచ్చారు.

లెక్క చూస్తే అది చూసి తప్పించుకోగల దాడి కాదు. కంటికి కనబడిన మార్పుకు వేలు కదలడానికి మామూలుగా 200 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది, అదీ ముందే ఎదురుచూస్తుంటే. దానికి నా గేమ్ సొంత ఆలస్యం 67 కలపండి. 317 దాకా పోతుంది. సూచన 300. బతికినవాళ్లు కూడా డ్రోన్‌ను చూసి బతకలేదు, ముందుగానే ఊహించి దూకారు. ఆలస్యం 96 ఉన్న పాత బిల్డ్‌లో ఇది ఇంకా అన్యాయం.

0.70 పెట్టి చూశాను. ఎవరూ చావలేదు, ఎవరికీ ఆసక్తి లేదు. డ్రోన్ ముందు నిలబడి ఎదురుచూశారు. ఇప్పుడు 0.50 ఉంది. అంకె కంటే దాన్ని రెండు ముక్కలు చేయడం ఎక్కువ పనిచేసింది: 0.35 సెకన్లు రెక్కలు వెనక్కి పోవడం, 0.15 పూర్తిగా కదలకుండా ఆగడం. ఆ ఆగడమే "ఇప్పుడు" అని చెబుతుంది. విజిల్ లాంటి శబ్దం మొదటి టిక్‌లోనే మొదలవుతుంది. గదిలో చావులు ఐదారు నుంచి రెండుకు వచ్చాయి.

వెనకనుంచి వచ్చే డ్రోన్లకు వేరే నియమం కావాల్సి వచ్చింది. తెర మీద లేని డ్రోన్ సూచన మొదలుపెట్టే ముందు ఒక సెకను పాటు తిరుగుడు శబ్దం వినిపించాలి, లేదంటే దాడి చేయకూడదు. ఈ నియమం పెట్టాక డ్రోన్లు కొన్నిసార్లు ఊరికే వేలాడుతూ తెలివితక్కువగా కనిపిస్తున్నాయి. దాన్ని కొత్త సమస్యగా రాసుకున్నాను.

మొత్తం: 83 గంటలు. తెరిచి ఉన్న సమస్యలు: 14.

దశ 6: కట్టర్ మొదటి వేటు

దీన్ని త్వరగా చెప్పేస్తాను. కట్టర్ మొదటిసారి వాడినప్పుడు తెర ఒక్క క్షణం బిగుసుకుంది. ప్రొఫైలర్‌లో ఆ ఫ్రేమ్ 143 మిల్లీసెకన్లు, రెండో వేటు నుంచి మామూలు. షేడర్ (గ్రాఫిక్స్ కార్డుకు బొమ్మ ఎలా గీయాలో చెప్పే చిన్న ప్రోగ్రామ్) అప్పటికప్పుడు తయారవుతోందన్నమాట. 4.4లో ఇలాంటి బిగుసుకోవడాన్ని తగ్గించే ఏర్పాటు ఉంది, కానీ నేను నిప్పురవ్వల మెటీరియల్‌ను (అవి ఎలా కనబడాలో చెప్పేదాన్ని) వేటు పడిన క్షణంలో కోడ్‌లో పుట్టిస్తున్నాను. ముందు కనబడనిదాన్ని ఇంజిన్ ముందే ఎలా సిద్ధం చేస్తుంది?

1. మెటీరియల్‌ను ఫైల్‌గా దాచుకున్నాను.
2. లెవెల్ లోడ్ అవుతున్నప్పుడే రవ్వలను సీన్‌లో పెట్టాను, లోడింగ్ తెర వెనక.
3. ప్రతి కొత్త ఎఫెక్ట్‌కూ ఇదే చేయాలని పట్టికలో రాసుకున్నాను.

ఇప్పుడు మొదటి వేటు 18 మిల్లీసెకన్లు.

మొత్తం: 95 గంటలు. తెరిచి ఉన్న సమస్యలు: 11.

దశ 7: రెండో విడత

పాతవాళ్లు నలుగురినే మళ్లీ పిలిచాను. కొత్తవాళ్లుగా వేరే నలుగురిని తీసుకున్నాను, ఒకసారి ఆడినవాళ్లు మళ్లీ కొత్తవాళ్లు కాలేరు. ఏం మార్చానో ఎవరికీ చెప్పలేదు.

"ఏది చేయబోతే జరగలేదు?" అన్న ప్రశ్నకు పాతవాళ్లలో ఒక్కరు కూడా జంప్ పేరు ఎత్తలేదు. ఒకరు మాత్రం, వెళ్లిపోయే ముందు, "పాతదాన్నే తెచ్చి పెట్టారు కదా" అన్నారు. లోపల పాత కోడ్ లైను ఒక్కటి కూడా లేదు. గ్రాపుల్‌తో పలక లాగిన చోట నలుగురిలో ముగ్గురు వెంటనే పక్క పలకలను కూడా లాగి చూశారు.

అన్నీ బాగాలేవు. ఇరుకు గొట్టాల్లో, కెమెరాను పాత్ర వెనక మోసే స్ప్రింగ్ ఆర్మ్ గోడకు తగిలి కెమెరా ముందుకు దూసుకొస్తోంది, తెర నిండా హెల్మెట్ వెనక భాగమే. ఇద్దరికి వికారంగా అనిపించింది, ఒకరు మధ్యలో ఆపేశారు. స్ప్రింగ్ పొడవు తగ్గేటప్పుడు వెంటనే, పెరిగేటప్పుడు 0.4 సెకన్లలో నెమ్మదిగా పెరిగేలా ఇప్పటికే ప్రయత్నించాను. కొంత నయం, సరిపోదు. దృశ్యకోణం 70 డిగ్రీల దగ్గర బిగించి ఉంది, దాన్ని ఆటగాడే మార్చుకునేలా సెట్టింగ్స్‌లో పెట్టాలి. అది మొదటి రోజే ఉండాల్సింది. కెమెరా వల్ల ఒక మనిషికి ఒంట్లో బాగాలేకపోతే మిగతా లెక్కలన్నీ ఆగాల్సిందే.

కొత్తగా పట్టికలో చేరినవి 9. వాటిలో ముఖ్యమైనవి:

- ఇరుకు గొట్టాల కెమెరా
- వేలాడే డ్రోన్లు, నలుగురు గమనించారు
- లాగ్ యంత్రం మరమ్మతు మధ్యలో చెయ్యి తీస్తే కథ మొదటికి పోతోంది
- ఆరు డ్రోన్లున్న గదిలో ఫిజిక్స్ సమయం 4.8 మిల్లీసెకన్లు

చివరిది దశ 2లో నేను భయపడినదే. 120 టిక్కులు డ్రోన్లకు అక్కర్లేదు, ఆటగాడికి ఉంటే చాలు. డ్రోన్ల దారి వెతుకులాటను నాలుగు టిక్కులకొకసారి, ఒక్కో డ్రోన్‌కు వేరే టిక్‌లో జరిగేలా విడగొట్టడం మొదలుపెట్టాను. కెమెరా పని దానికంటే ముందు. రేపు ఉదయం గొట్టం గదినే తెరుస్తాను.

మొత్తం: 109 గంటలు. తెరిచి ఉన్న సమస్యలు: 20.